సీడీలో శబ్దం వచ్చి బొమ్మ రాకపోతే ఏం చేయాలి?



పోయినసారి నేను తునికాకు కట్టల గురించి రాశాను. ఈసారి కంప్యూటర్ గురించి రాయమని సైన్సు సార్ అన్నారు. నాకు కంప్యూటర్ మొత్తం తెలుసని కాదు. మా ఇంట్లో బడి మెట్టు ఎక్కిన మొదటిదాన్ని నేనే. కంప్యూటర్‌ని దగ్గర నుంచి చూసింది ఆరో తరగతిలో, ఇక్కడే. కానీ ఒక్క సీడీ కోసం రెండు వారాలు తిప్పలు పడ్డాం. ఆ తిప్పల్లో నేర్చుకున్నది ఈ వ్యాసంలో రాస్తున్నాను. తప్పులుంటే పక్కన పెన్సిల్‌తో రాయండి. చింపకండి.

ఆ సీడీ సంగతి

ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం కదా. దానికోసం కంప్యూటర్ గది ఊడుస్తుంటే బీరువా అడుగున అట్టపెట్టె దొరికింది. అందులో 7 సీడీలు. ఒకదాని మీద స్కెచ్ పెన్నుతో రాసిన పేరు సగం చెరిగిపోయింది. ఎన్నో ఏళ్ల క్రితం మన వైపు ఊళ్లు తిరిగి ఎవరో తయారు చేసి ఇచ్చిన మల్టీమీడియా సీడీ అది. కంప్యూటర్‌లో వేస్తే అడవి, పంటలు, విజ్జ పండుం, పాటలు అని మెనూ వచ్చింది. పాటల దగ్గర నొక్కితే ఊళ్ల పేర్లు వచ్చాయి. అందులో మా ఊరి పేరు ఉంది. దాని పక్కన "డోలి పాట" అని ఉంది.

మా అమ్మ చిన్నప్పటి నుంచి ఒక మాట చెప్పేది. నేను పుట్టకముందు కెమెరా వాళ్లు వచ్చారని, మా తాతను పాట పాడుతుండగా తీసుకుపోయారని. మా ఇంట్లో తాత ఫోటో ఒక్కటి కూడా లేదు. ఆధార్ రాకముందే చనిపోయాడు, కాబట్టి కార్డు మీద కూడా లేడు.

నేను ఆ పేరు మీద నొక్కాను. నల్ల గడి వచ్చింది. డోలి చప్పుడు వినపడింది. బొమ్మ రాలేదు. 20 సెకన్లు కాగానే చప్పుడు కూడా ఒకే చోట గిరగిరా తిరిగి ఆగిపోయింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ గదిలో నాలుగు కంప్యూటర్లు ఉంటే పనిచేసేది ఒక్కటే. నెలాఖరుకు అన్నిటినీ కండెమ్ చేసి పంపించేస్తామని ఆఫీసులో అన్నారు. అంటే మాకున్న టైమంతా అప్పటిదాకే.

డోలి పాట తెలియని చెల్లెళ్ల కోసం రెండు మాటలు. మన కోయల్లో డోలి వాయించేవాళ్లు వంశాల కథలు, సమ్మక్క సారలమ్మల కథ పాడతారు. ఎక్కువ కథలు పుస్తకాల్లో లేవు, వాళ్ల నోట్లోనే ఉంటాయి. మణుగూరు మండలం కూనవరం ఊరి సకిని రామచంద్రయ్య గారికి ఈ పాటకే 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో చనిపోయారు. పాడేవాళ్లు ఇలా ఒక్కొక్కరే పోతుంటే, మిగిలిన టేపులు, సీడీలు పాడుకాకుండా చూసుకోవాలి కదా.

సీడీ ఎలా పనిచేస్తుంది?

సీడీ వెడల్పు 12 సెంటీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు. పాటల సీడీలు మొదట 1982లో జపాన్‌లో అమ్మకానికి వచ్చాయి. తర్వాత అదే బిళ్లలో కంప్యూటర్ ఫైళ్లు కూడా పెట్టారు. సీడీలో సమాచారం నత్త గుల్ల గీతలాగా లోపలి నుంచి బయటికి తిరుగుతూ ఉంటుంది. ఆ గీతను విప్పి పరిస్తే 5 కిలోమీటర్ల పైనే ఉంటుంది. అడుగు నుంచి లేజర్ కిరణం వెళ్లి ఆ గీతను చదువుతుంది.

మనం అందరం అనుకునేది ఏందంటే, మెరిసే వైపే సమాచారం ఉంటుందని. నిజానికి అది పేరు రాసే వైపుకే దగ్గరగా ఉంటుంది. కాబట్టి పైన పేరు వైపు గీత పడితే ఎక్కువ నష్టం. అందుకే పేరు వైపు బాల్ పెన్నుతో గట్టిగా రాయకూడదు.

ఒక సీడీలో దాదాపు 700 ఎంబీ పడుతుంది. మొదటి రోజుల్లో డ్రైవు సెకనుకు 150 కేబీ చదివేది. దాన్నే ఒక ఎక్స్ అంటారు. డ్రైవు మీద 52 ఎక్స్ అని ఉంటే 52 ఇంటూ 150, అంటే ఎక్కువలో ఎక్కువ సెకనుకు 7,800 కేబీ. గీతలు పడిన సీడీకి ఆ వేగం రాదు.

కొడెక్ అంటే ఏమిటి?

బొమ్మ రాకపోవడానికి పెద్ద కారణం ఇదే కాబట్టి లెక్క వేసి చెప్తాను. లెక్కల సార్ సరిచూశారు.

మా వీడియో అడ్డంగా 320 చుక్కలు, నిలువుగా 240 చుక్కలు. గుణిస్తే 76,800 చుక్కలు. ఒక్కో చుక్క రంగుకు 3 బైట్లు. అంటే ఒక బొమ్మకు 2,30,400 బైట్లు. సెకనుకు 25 బొమ్మలు తిరిగితే మనకు కదిలినట్టు కనపడుతుంది. అంటే సెకనుకు 57,60,000 బైట్లు. మా డోలి పాట 100 సెకన్లు. మొత్తం 57,60,00,000 బైట్లు! ఒక్క పాటకే సీడీ దాదాపు నిండిపోతుంది. కానీ ఫైలు చూస్తే 9 ఎంబీయే ఉంది. సుమారు 64 వంతుల్లో ఒక వంతు. మిగిలింది ఏమైంది?

ఇప్పపువ్వు సంగతి గుర్తు తెచ్చుకోండి. పచ్చి పువ్వు గంపల కొద్దీ ఉంటుంది. ఎండబెడితే చిన్న మూట అవుతుంది. నీళ్లలో నానబెడితే మళ్లీ ఉబ్బుతుంది. వీడియోను కూడా అలాగే కుదించి సీడీలో పెడతారు. మళ్లీ విప్పే పద్ధతి తెలిసిన చిన్న ప్రోగ్రామునే కొడెక్ అంటారు. శబ్దానికి ఒక కొడెక్, బొమ్మకు ఒక కొడెక్. శబ్దం కొడెక్ ఉండి బొమ్మ కొడెక్ లేకపోతే శబ్దం మాత్రమే వస్తుంది.

నేను ఒకటో తరగతిలో అలాగే ఉండేదాన్ని. ఇంట్లో కోయ, బడిలో తెలుగు. టీచర్ చెప్పేది చెవికి వినపడేది, కళ్ల ముందు బొమ్మ మాత్రం వచ్చేది కాదు. నా చెవి బాగానే ఉంది, టీచర్ గొంతు బాగానే ఉంది. మధ్యలో విప్పేది లేదు. అందుకని బొమ్మ రాని సీడీని చూసి "ఇది పాడైపోయిందే" అని వెంటనే అనకండి.

మేము చేసిన పని, వరుసగా

1. సీడీయా, డ్రైవా? ముందు ఇంకో మంచి సీడీ వేసి చూశాం. అది బాగానే తిరిగింది. కాబట్టి డ్రైవు పూర్తిగా పోలేదు. ఏ వస్తువు పాడైనా, బాగున్న దాన్ని పక్కన పెట్టి పోల్చాలి.

2. తుడవడం. సీడీని వెలుతురుకు పట్టి చూస్తే వేలిముద్రలు, వాన తేమకు పట్టిన తెల్ల మచ్చలు ఉన్నాయి. మెత్తని పాత నూలు గుడ్డతో తుడిచాం. గుండ్రంగా తుడవకూడదు. మధ్య నుంచి అంచుకు సూటిగా తుడవాలి. ఎందుకంటే గుండ్రంగా గీత పడితే అది సమాచారం గీత వెంట పోతుంది, వరుసగా చాలా భాగం చెడుతుంది. అడ్డంగా పడితే కొంచెం కొంచెమే పోతుంది, డ్రైవు దాన్ని సర్దుకోగలదు. మురికి పోకపోతే కొంచెం సబ్బు నీళ్లు వాడి, మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టాలి. ఎండలో వద్దు. మనం కంప్యూటర్‌లో రాసుకున్న సీడీలు అడుగున నీలంగానో పచ్చగానో ఉంటాయి. అది రంగు పొర. ఎండకు పాడవుతుంది.

3. రెండు జబ్బులను విడదీయడం. ఇది నాకు బాగా నచ్చిన మెట్టు. అదే సీడీలో అడవి వీడియో వేశాం. శబ్దం చివరి వరకు ఆగకుండా వచ్చింది, కానీ బొమ్మ నల్లగానే ఉంది. పంటల వీడియో కూడా అంతే. అంటే బొమ్మ రాకపోవడం అన్ని వీడియోలకూ ఉంది, ఆగిపోవడం డోలి పాటకు మాత్రమే ఉంది. కాబట్టి ఇవి రెండు వేరు వేరు జబ్బులు. జ్వరం, దెబ్బ రెండూ ఉన్న మనిషికి ఒకే మందు పనిచేయదు కదా.

4. చదవడం. మై కంప్యూటర్‌లో సీడీ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌ప్లోర్ అంటే లోపలి ఫైళ్లన్నీ కనపడతాయి. అందులో రీడ్‌మి అని ఒక ఫైలు ఉంది. రీడ్ మీ అంటే నన్ను చదువు అని అర్థం. ఇన్నేళ్లలో ఎవ్వరూ దాన్ని చదివినట్టు లేదు. ఇంగ్లీషులో ఉంది. నేనూ పదో తరగతి అక్కా డిక్షనరీ పెట్టుకుని రెండు స్టడీ అవర్లు చదివాం. వీడియోలు డివ్ఎక్స్ అనే పద్ధతిలో కుదించామని, ముందు దాని సెటప్ నడపాలని అందులో రాసి ఉంది. ఆ సెటప్ ఫైలు సీడీలోనే ఉంది, కానీ నొక్కితే తెరుచుకోలేదు. అక్కడే గీత పడి ఉంది.

5. వేరే ప్లేయర్. మన కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ. అది 2001లో వచ్చింది. 2014 ఏప్రిల్‌తో మైక్రోసాఫ్ట్ దానికి మరమ్మతులు ఆపేసింది. అలాంటి కంప్యూటర్‌కు నెట్ పెట్టడం మంచిది కాదు. అందుకని లెక్కల సార్ తన ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ అనే ప్లేయర్ దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చారు. ఇది ఉచితం. 1996లో ఫ్రాన్స్‌లో కాలేజీ విద్యార్థులు మొదలుపెట్టిన పని నుంచి వచ్చింది. చాలా రకాల కొడెక్‌లు దాని లోపలే ఉంటాయి. ఎక్స్‌పీలో సర్వీస్ ప్యాక్ 3 ఉంటే వీఎల్‌సీ 3 నడుస్తుంది. మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే ఏ ప్యాక్ ఉందో తెలుస్తుంది. మన దాంట్లో 3 ఉంది.

వీఎల్‌సీ పెట్టాక కూడా మెనూలో నొక్కితే నల్ల గడే వచ్చింది. మెనూ పాత దారినే పోతుంది మరి. ఎక్స్‌ప్లోర్‌లోకి వెళ్లి, చివర డాట్ ఏవీఐ అని ఉన్న ఫైలును నేరుగా వీఎల్‌సీతో తెరిచాం. అడవి కనపడింది! పిల్లలందరం అరిచాం, వార్డెన్ మేడం పరుగెత్తుకొచ్చారు.

6. ఆగిపోయే జబ్బు. ఇక డోలి పాట. సీడీ మీద నుంచే ఆడించకుండా ముందు హార్డ్ డిస్కులోకి కాపీ చేయాలి. అప్పుడు డ్రైవు నెమ్మదిగా చదివినా వీడియో కుదుపులు ఉండవు. కానీ కాపీ సగంలో ఆగి, సైక్లిక్ రిడండెన్సీ చెక్ అని మెసేజ్ వచ్చింది. పేరు చూసి భయపడకండి. సమాచారంతో పాటు దాని లెక్క కూడా సీడీలో రాసి ఉంటుంది. చదివిన దానికి ఆ లెక్క సరిపోకపోతే ఈ మెసేజ్ వస్తుంది. జీసీసీ డిపోలో మనం ఇంటి దగ్గర తూచిన దానికి అక్కడి తూకం కలవకపోతే మళ్లీ కాటా వేయమంటాం చూడండి, అలాగన్నమాట.

మళ్లీ కడిగాం. మళ్లీ అక్కడే ఆగింది. అప్పుడు సార్ అన్నారు, "డ్రైవు డ్రైవుకూ చూపు తేడా ఉంటుంది, పాడైన కంప్యూటర్ డ్రైవు పెట్టి చూద్దాం" అని. కరెంటు వైరు గోడ నుంచి పీకేసి, సార్ చేసి చూపించారు. వెడల్పు పట్టీ వైరుకు ఒక పక్కన ఎర్ర గీత ఉంటుంది. మన దాంట్లో అది కరెంటు పిన్ను వైపు రావాలి. తీసేముందు ఎలా ఉందో నేను నోటు పుస్తకంలో బొమ్మ గీసుకున్నాను. పెట్టేటప్పుడు ఆ బొమ్మే పనికొచ్చింది. డ్రైవు మార్చాక కాపీ చాలా నెమ్మదిగా కదిలింది. చివరికి పూర్తయింది. మేము వెంటనే దాన్ని పెన్‌డ్రైవ్‌లో కూడా వేశాం.

జబ్బు, కారణం, మందు

శబ్దం ఉంది, బొమ్మ లేదు: కొడెక్ లేదు. వీఎల్‌సీతో ఫైలును నేరుగా తెరవాలి.

కొడెక్ ఉన్నా నల్ల గడి లేదా పచ్చ గడి: డిస్‌ప్లే కార్డు తేడా. తెర ఖాళీ చోట రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, ట్రబుల్‌షూట్. అక్కడ హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ పుల్లను ఒక్కో గీత ఎడమకు జరిపి చూడాలి.

బొమ్మ ఉంది, శబ్దం లేదు: ముందు స్పీకర్ వైరు, తర్వాత మ్యూట్, తర్వాత సౌండు డ్రైవర్. ఈ వరుసలోనే చూడాలి.

మంచి సీడీ కూడా కుదుపులుగా ఆడుతుంది: మిగతా ప్రోగ్రాములు మూసేయాలి. అయినా అంతే ఉంటే, డివైస్ మేనేజర్‌లో ఐడీఈ చానల్ పీఐఓ అని ఉందేమో చూడాలి. చదవడంలో ఎక్కువ తప్పులు వస్తే ఎక్స్‌పీ తనంతట తనే ఈ నెమ్మది పద్ధతిలోకి దిగిపోతుంది. ఆ చానల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి కంప్యూటర్ ఆపి వేస్తే మళ్లీ వేగం పద్ధతి, అంటే డీఎంఏ వస్తుంది. ఇది సార్ ఉన్నప్పుడే చేయండి.

రంగులు వికారంగా ఉన్నాయి, లేదా మెనూయే రాదు: సీడీ 1990ల నాటిది అయి ఉండవచ్చు. 1993 నాటి మల్టీమీడియా కంప్యూటర్ ప్రమాణం 4 ఎంబీ ర్యామ్, సెకనుకు 300 కేబీ డ్రైవు. అప్పటి ప్రోగ్రాములు చాలావరకు 256 రంగులకే తయారయ్యాయి. యాక్సెసరీస్‌లో ప్రోగ్రామ్ కంపాటిబిలిటీ విజార్డ్ తెరిచి 256 రంగులు, 640 ఇంటూ 480 తెర ఎంచుకోవాలి.

చేయకూడని పనులు

లావు మానిటర్ వెనక మూత విప్పకూడదు. కరెంటు తీసేసినా లోపల ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది. ఉరుములు వచ్చేటప్పుడు కంప్యూటర్ వేయకూడదు, ప్లగ్గు పీకేయాలి. పగిలిన సీడీని డ్రైవులో పెట్టకూడదు, వేగానికి ముక్కలవుతుంది. ఒకేసారి రెండు మార్పులు చేయకూడదు. చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. సార్‌కు చెప్పకుండా ఏదీ విప్పకూడదు.

చివరికి ఏమైంది?

వీడియోలో ముగ్గురు ఉన్నారు. ముందు ఒకాయన డోలి వాయిస్తూ గట్టిగా పాడుతున్నాడు. అదే మా తాత అని నేను గదిలో అందరికీ చెప్పాను. ముక్కు నాలాగే ఉందని అందరూ అన్నారు.

తల్లిదండ్రులు వచ్చే ఆదివారం అమ్మ వచ్చింది. చూపించాను. అమ్మ కోయలో అన్న మాట తెలుగులో రాస్తున్నా. "ఆయన నీ తాత కాదే, నీ చిన్న తాత. వెనక కంచు తాళం పట్టుకుని ఉన్నాడు సూడు, ఆయన."

నాకు సిగ్గేసింది. మళ్లీ చూశాను. వెనక సగం నీడలో ఒక సన్నని మనిషి. 11 సెకన్లు మాత్రమే కనపడతాడు. రెండు సార్లు ఇటు తిరుగుతాడు, అంతే. అమ్మ నన్ను ఆరు సార్లు వేయించింది. "చెయ్యి అట్టానే ఊపేవోడు" అన్నది. ఇంకేం అనలేదు. ఊరికి పోయే బస్సు టైమయిందని లేచింది.

వార్డెన్ మేడం, హెడ్మాస్టర్ గారు మాట్లాడి ఒక కంప్యూటర్‌ను మాత్రం ఇప్పుడే కండెమ్ చేయకుండా ఉంచారు. అందుకు వాళ్లకు మా అందరి తరఫున కృతజ్ఞతలు. 7 సీడీలలో 5 కాపీ అయ్యాయి. రెండు ఇంకా చదవడం లేదు. అందులో ఒకదాని మీద వేరే చెల్లెలి ఊరి పేరు ఉంది. రోజూ సాయంత్రం ఆటల పీరియడ్‌లో నేనూ పదో తరగతి అక్కా అక్కడే ఉంటాం. నేర్చుకోవాలనుకున్నవాళ్లు చేతులు కడుక్కుని రండి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు పాత పెళ్లి సీడీలు, జాతర సీడీలు కనపడితే బిళ్లను అంచులు పట్టుకుని తీసి, కవరులో పెట్టి తెండి.

చదివినవాళ్లకు మూడు ప్రశ్నలు. జవాబులు కింద అతికించిన తెల్ల కాగితం మీద రాయండి.

1. సీడీని గుండ్రంగా ఎందుకు తుడవకూడదు?
2. 160 ఇంటూ 120 చుక్కల వీడియో, సెకనుకు 15 బొమ్మలు. కుదించకపోతే ఒక నిమిషానికి ఎన్ని బైట్లు?
3. ఒక సీడీలో అన్ని వీడియోలకూ బొమ్మ వస్తుంది, ఒక్కటి మాత్రం మధ్యలో ఆగుతుంది. తప్పు కొడెక్‌దా, గీతదా? ఎలా చెప్పగలవు?

ఇట్లు,
మీ స్నేహితురాలు,
9వ తరగతి